నాష్విల్ నుండి విల్సన్ యేటి సంగమము వఱకు

అమెరికా సంయుక్తరాష్ట్రముల ఆగ్నేయభాగమున టెన్నెసీ యను రాష్ట్రము కలదు. దానికి ముఖ్యపట్టణము నాష్విల్. కంబర్లండ్ నది వంకలు తిరుగుచు ఈ పట్టణము నడుమనుండి ప్రవహించుచున్నది. లోకమున దీనికి సంగీతపట్టణమని ప్రసిద్ధి. పగలనక రాత్రియనక నడివీధులలో గిటారులు మ్రోగుచునే యుండును. కాని యచటి పెద్దలకు ప్రీతికరమైన బిరుదము వేఱొకటి కలదు. అది "దక్షిణపు ఏథెన్సు" అనునది. విద్యాశాలలు విస్తారముగా నుండుటచేత ఆ పేరు పూర్వమే కలిగినది.

మావారు ఉపాధ్యాయులగుటచేత వేసవి సెలవులలో దప్ప మాకు దూరప్రయాణము పొసగదు. 2024వ సంవత్సరపు వేసవిలో నాష్విల్ నగరమునకు దక్షిణమున కాపురమున్న మా యక్కగారి యింట నెలదినములు ఉండి వచ్చితిమి. అచటి మేడలను, అంగళ్లను, వెడల్పాటి బాటలను నేనిక్కడ వర్ణింపబోను. కుమార్తెల పురుళ్లకును మనుమల పెంపకమునకును సముద్రములు దాటిపోయి వచ్చిన తల్లులు నేడు మన యూళ్లలో తక్కువ కారు. వారు చూడనిది నేను చూచినదేమియు లేదు. అయితే పోయిన ప్రతిచోటను నాకొక ప్రసంగము ఎదురైనది. అచటి ప్రైవేటు హైస్కూళ్లు ఆటలయందు నేర్పుగల బాలబాలికలను ఇతర పాఠశాలలనుండి తమలోనికి పిలుచుకొనుచున్నవి. అందులకై సంఘములలో వాదములును, న్యాయస్థానములలో వ్యాజ్యములును జరిగినవి. బిడ్డలుగల తల్లులకు ఇది తెలిసికొనదగిన సంగతియని తలచి, నేను చూచిన తావులతో ముడివెట్టి వ్రాయుచున్నాను.

మేము మొదట చూచినది సెంటెన్నియల్ పార్కు. 1897లో టెన్నెసీ రాష్ట్ర శతవార్షికోత్సవ ప్రదర్శన జరిగినప్పుడు, గ్రీసుదేశపు ఏథెన్సు నగరమునందలి పార్థెనాన్ దేవాలయమును దాని నిజప్రమాణముననే యిచట నిర్మించిరి. తాత్కాలికమైన యా కట్టడము శిథిలము కాగా, 1920 తరువాతి సంవత్సరములలో కాంక్రీటుతో మరల స్థిరముగా గట్టిరి. లోపల సుమారు 42 అడుగుల ఎత్తుగల ఏథీనాదేవి విగ్రహమును 1990లో నిలిపి, 2002లో దానికి బంగారురేకు తాపిరి. ఆమె విద్యకును యుద్ధమునకును గూడ అధిదేవత. మన సరస్వతియు దుర్గయు నొక్క మూర్తియై నిలిచినట్లు నాకు దోచినది.

ఆ దేవి పేర పూర్వము ఏథెన్సులో జరిగిన ఉత్సవములలో పరుగునందును మల్లయుద్ధమునందును గెలిచినవారికి ఒలీవనూనె నింపిన చిత్రభాండములను బహుమానముగా నిచ్చెడివారు. ఆ కాలమున ఆటకాండ్రను ఒక పురమువారినుండి మఱియొక పురమువారు లాగుకొనుటయు కలదు. ఇటలీ దక్షిణభాగమున క్రోటన్ అను గ్రీకుపట్టణము ఉండెను. ఆ యూరివాడైన ఆస్టిలస్ అను పరుగువీరుడు ఒలింపిక్ పందెములలో గెలిచి స్వస్థలమునకు కీర్తి తెచ్చెను. తరువాతి పందెములలో, సిసిలీ ద్వీపమందలి సిరక్యూస్ ప్రభువును మెప్పించుటకై, తాను సిరక్యూస్ వాడనని చాటించుకొనెను. క్రోటన్ ప్రజలు అతని ప్రతిమను పడద్రోసి, అతని యింటిని చెఱసాలగా మార్చిరని పాసేనియస్ అను ప్రాచీన గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఇది జరిగి రెండువేల యైదువందల సంవత్సరములాయెను. నేడు నాష్విల్ ప్రాంతపు తలిదండ్రులు మాటలాడుకొనెడి సంగతియు నిదియే. భేదమెల్ల వయస్సునందు కలదు. ఆస్టిలస్ పెద్దవాడు, తన మంచిచెడ్డలు తానెఱిగినవాడు. ఇచట పిలుపులు వచ్చునది పదుమూడు పదునాలుగేండ్ల పసివారికి.

ఈ సంగతి తెలియవలెనన్న అచటి పాఠశాలల యేర్పాటు కొంత తెలిసికొనవలయును. తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు నున్నది హైస్కూలు. ప్రభుత్వ హైస్కూలులో జీతము లేదు. ఏ యింటిలో కాపురముందురో ఆ ప్రాంతపు పాఠశాలలో బిడ్డలు చేరుట సామాన్యపద్ధతి. ఇందువలన ప్రభుత్వ పాఠశాల జట్టనగా ఆ పేటలోని పిల్లల జట్టే. శరత్కాలమున శుక్రవారపు రాత్రులందు ఫుట్‌బాల్ ఆట జరుగునప్పుడు ఊరంతయు మైదానమున చేరును. మన గ్రామములలో రథోత్సవమునకు చేరినట్లు తాతలును, తల్లులును, చంటిబిడ్డలును వత్తురని మా యక్కగారు చెప్పినది. ప్రైవేటు పాఠశాలలకు ఈ యెల్లలు లేవు. ఎంత దూరమునుండి వచ్చినను చేర్చుకొనవచ్చును. జీతము మాత్రము అధికము. నాష్విల్ ప్రాంతపు పేరున్న పాఠశాలలలో ఏటికి ఇరువదివేల డాలర్లకు మించును. ఒకరిది పేటకు కట్టువడిన జట్టు. మఱియొకరిది ఎల్లలు లేని జట్టు. ఈ రెండును ఒకే మైదానమున దిగినప్పుడు తగవు పుట్టక మానదు.

ప్రైవేటు పాఠశాలలకు ఆటకాండ్రపై నింత మక్కువ యేలయని నేనడిగితిని. గెలిచిన జట్టే పాఠశాలకు ప్రకటనయని బావగారు బదులు చెప్పిరి. వార్తాపత్రికలలో పేరు పడును, జీతములిచ్చి చేరువారు పెరుగుదురు, పూర్వవిద్యార్థులు విరాళములిత్తురు. తలిదండ్రులకును ఆశ కలదు. అచటి విశ్వవిద్యాలయములు ఆటకాండ్రకు విద్యార్థివేతనములిచ్చును. 2021నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరును, రూపమును వ్యాపార ప్రకటనలకిచ్చి ధనము పొందుటకు అనుమతి గలిగినది. తరువాత పెక్కు రాష్ట్రములలో హైస్కూలు పిల్లలకును ఆ త్రోవ కొంత తెఱచిరి. కావున నేర్పరియైన కోచ్ చేతిలో పడిన తమ బిడ్డ బ్రతుకు బంగారమగునని తలంచువారు ఎందఱో.

మా యక్కగారి యింటికి సమీపముననే బ్రెంట్‌వుడ్ అను పట్టణము కలదు. పచ్చని గుట్టలును, ఓక్ వృక్షములును, రాతిగోడలతో చుట్టిన పాత తోటలును గల తావు. అచటి బ్రెంట్‌వుడ్ అకాడమీ 1969లో స్థాపింపబడిన క్రైస్తవ ప్రైవేటు పాఠశాల. ఒక చిన్న జాబు మూలమున ఈ పాఠశాల పేరు అమెరికా న్యాయశాస్త్ర గ్రంథములకెక్కినది. 1997 వసంతకాలమున, రాబోవు సంవత్సరము తమ పాఠశాలలో చేరుటకు ఒప్పుకొనియున్న ఎనిమిదవ తరగతి బాలురు కొందఱికి ఫుట్‌బాల్ కోచ్ ఒక జాబు వ్రాసెను. వసంతకాలపు సాధనకు రావచ్చుననియు, ఎంత శీఘ్రముగా వచ్చిన అంత మేలనియు దాని తాత్పర్యము. క్రింద "మీ కోచ్" అని సంతకము.

టెన్నెసీ సెకండరీ స్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంఘము 1925నుండి ఆ రాష్ట్రపు హైస్కూలు ఆటలను నడుపుచున్నది. ఆటకై విద్యార్థులను ప్రేరేపించి తెచ్చుకొనరాదని దాని నియమము. ఇంకను తమ విద్యార్థులు కాని బాలురకు కోచ్ జాబు వ్రాయుట నియమభంగమని సంఘము తీర్మానించి, ఆ పాఠశాలను నాలుగేండ్లు కట్టడిలో నుంచినది. రెండేండ్లు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లు తుదిపోటీలలో దిగరాదనియు, మూడువేల డాలర్లు జరిమానా చెల్లింపవలయుననియు ఆజ్ఞాపించినది. మా విద్యార్థులకు మేము జాబు వ్రాసికొనుట మా వాక్స్వాతంత్ర్యమని పాఠశాలవారు న్యాయస్థానమునకు పోయిరి.

వ్యాజ్యము పదియేండ్లు నడచి రెండుమార్లు సుప్రీంకోర్టునకెక్కినది. 2001లో అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపును, నలుగురు మఱియొక వైపును నిలిచి తీర్పు చెప్పిరి. సంఘములో అధికభాగము ప్రభుత్వ పాఠశాలలే కావున, అది పేరునకు ప్రైవేటు సంఘమైనను ప్రభుత్వమువలెనే రాజ్యాంగమునకు లోబడవలసినదని ఆ తీర్పు. పాఠశాలవారు గెలిచినట్లే తోచెను. కాని 2007లో అదే న్యాయస్థానము, ఆ నియమము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరము కాదని తేల్చెను. ఎనిమిదవ తరగతి బిడ్డలపై పెద్దలు ఒత్తిడి తెచ్చి ఆశపెట్టుట వారిని వాడుకొనుటకు దారితీయుననియు, చదువు వెనుకబడి ఆట ముందునకు వచ్చుననియు, అట్టిదానిని సంఘము అరికట్టవచ్చుననియు న్యాయమూర్తులు తలంచిరి. ఆ జాబులో బెదిరింపు లేదు, ధనాశ లేదు, చదివినవారికి తప్పేమియు కానరాదు. అయినను పదుమూడేండ్ల బాలునకు "మీ కోచ్" అను రెండు మాటలు ఎంత బరువైనవో తల్లియైన ప్రతిస్త్రీకిని తెలియును.

ఈ వ్యాజ్యము ఆరంభమైన 1997లోనే ఆ సంఘమువారు మఱియొక యేర్పాటు చేసిరి. ఆటకాండ్రకు జీతములో సాయము చేసెడి ప్రైవేటు పాఠశాలలను వేఱు విభాగముగా చేసి, వానిలో వానికే తుదిపోటీలు పెట్టిరి. సాయమనినను, ఆటకై యీయరాదు. కుటుంబపు ఆదాయము చూచి, అవసరమును బట్టి యీయవలయునని కట్టడి. పాఠశాల మార్చిన ఆటకాడు నిజముగా కాపురము మార్చినగాని పండ్రెండు మాసములు పెద్దజట్టులో ఆడరాదను నియమమును చాలకాలము ఉండెను. ఇట్టి నియమములు ఇటీవల పలు రాష్ట్రములలో సడలుచున్నవి. పశ్చిమ వర్జీనియాలో 2023లో చట్టము చేసి, హైస్కూలు చదువుకాలమున ఒకమారు నిరీక్షణ లేకుండ మాఱవచ్చుననిరి. ఆ శరత్కాలముననే మంచి ఆటకాండ్రు కొన్ని పాఠశాలలకు చేరిపోగా, కొన్ని ఫుట్‌బాల్ పోటీలు మిక్కిలి ఏకపక్షముగా ముగిసినవని చెప్పుకొనిరి.

ఇంతవఱకు చెప్పినది లోకవార్త. ఆ వేసవిలో మా యక్కగారి యింటిలోనే ఈ సమస్య కూర్చుండియుండెను. ఆమె కుమార్తెకు అప్పుడు పదునాలుగేండ్లు. ఎనిమిదవ తరగతి ముగించినది. తల్లికంటె చేరెడు పొడవు. వాలీబాల్ ఆటలో బంతిని అందించి యితరులచే కొట్టించు స్థానము ఆమెది. ఆ పేట బాలికలు ఆఱుగురు మూడేండ్లుగా ఒక్కటిగా ఆడుచు, ఆగస్టులో ఒకే ప్రభుత్వ హైస్కూలులో చేరవలయునని చెప్పుకొనియుండిరి. అంతలో ఒక ప్రైవేటు పాఠశాల కోచ్, ఆమెను వారాంతపు పోటీలలో చూచియుండుటచేత, స్నేహితుల ద్వారా కబురంపెను. పాఠశాలను వచ్చి చూడవచ్చుననియు, జీతము విషయము మాటలాడవచ్చుననియు ఆ కబురు. ఆ పాఠశాల పేరు నేనిక్కడ చెప్పను. చెప్పవలసిన యవసరమును లేదు.

పిల్ల ముఖము చూడవలసినది! "పిన్నీ, మా జట్టులో నన్నొక్కదానినే పిలిచినారు" అని రెండుమార్లు నాతో చెప్పినది. బావగారు కాగితమును కలమును తీసికొని జీతము, సాయము, రాకపోకలు లెక్క వేయుచుండిరి. మా యక్కగారు మాత్రము వంటయింటిలో చింతపండు పిసుకుచు, "పిలిచినది దీనినా, దీని చేతులనా? అది తెలియవలెను చెల్లీ" అన్నది. ఆ మాటకు నేను వెంటనే బదులీయలేకపోతిని.

జూన్ మాసమున నాలుగు దినములు తీరిక చేసికొని అందఱము కారులో తూర్పుకొండలకు బయలుదేరితిమి. టెన్నెసీ రాష్ట్రము తూర్పుపడమరలుగా సాగిన పొడుగాటి నేల. నాక్స్‌విల్ చేరులోపల గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుకొనవలయును. రాష్ట్రమొకటే, కాలములు రెండు. సాయంకాలమునకు బ్రిస్టల్ పట్టణము చేరితిమి. దీని యంగడివీధికి స్టేట్ స్ట్రీట్ అని పేరు. ఆ వీధి నడిమిగీతయే రెండు రాష్ట్రములకు సరిహద్దు. ఉత్తరపు వైపు అంగళ్లు వర్జీనియా. దక్షిణపు వైపు అంగళ్లు టెన్నెసీ. సరిహద్దు వెంబడి ఇత్తడిబిళ్లలు నేలలో పొదిగియున్నారు. పిల్ల ఒక కాలు ఇటును ఒక కాలు అటును పెట్టి నిలిచి చిత్రము తీయించుకొన్నది.

నాకు ఆ బిళ్లలను చూడగా అసలు చిక్కు తెలిసివచ్చినది. ఆ దేశమున హైస్కూలు ఆటలకు దేశమంతటికి నొకే శాసనము లేదు. రాష్ట్రమునకొక సంఘము, సంఘమునకొక నియమావళి. టెన్నెసీలో ప్రైవేటు పాఠశాలలు ప్రభుత్వ పాఠశాలల సంఘముననే వేఱు విభాగముగా నున్నవి. వీధి దాటి వర్జీనియాలో అడుగుపెట్టిన ప్రైవేటు పాఠశాలలకు సంఘమే వేఱు. టెక్సస్‌లోను ప్రైవేటు పాఠశాలలలో దాదాపు అన్నిటికిని తమ సంఘము తమదే. అలబామాలో 1999నుండి చాలకాలము, ప్రైవేటు పాఠశాలలోని ఒక్కొక్క విద్యార్థిని 1.35 మందిగా లెక్కించి, ఆ పాఠశాలలను తమకంటె పెద్దవానితో ఆడించిరి. మనిషిని ఒకటింబావు దాటించి లెక్కించుట వింతగా తోచినను, న్యాయము కొఱకు మనుష్యులు పడిన తంటాలలో ఇదియు నొకటి.

మఱునాడు అబింగ్డన్, డమాస్కస్ ఊళ్ల మీదుగా 58వ నంబరు బాటపై కొండలెక్కితిమి. డమాస్కస్ వీధులలోనుండియే అపలాచియన్ కాలిబాట పోవుచున్నది. మూపున మూటలతో వందలమైళ్లు నడచు యువతీయువకులను అచట చూచితిమి. తరువాతి త్రోవయంతయు వాగుల వెంబడి వంపులు. మేము పోయివచ్చిన మూడు మాసములకే, 2024 సెప్టెంబరులో, హెలీన్ తుపాను ఆ వాగులను పొంగించి డమాస్కస్ పైని బాటను కోసివేసినదని విని మనస్సు కలతపడినది. మా కండ్లకు మాత్రము ఆ దినమున అది స్వర్గమార్గము. వర్జీనియాలోని అత్యున్నతశిఖరమగు మౌంట్ రోజర్స్, 5,729 అడుగులు, ఆ చెంతనే యున్నది. గ్రేసన్ హైలండ్స్ అను ప్రభుత్వ వనమున రోడోడెండ్రాన్ పొదలు ఊదావన్నె పూవులతో విరియబూసియుండెను. పొట్టి యడవిగుఱ్ఱములు పిల్లలతో గూడ బండల నడుమ గడ్డి మేయుచుండెను. వానికి మేత పెట్టరాదని పలకలు కట్టియున్నారు.

ఆ కొండల దిగువ విల్సన్ వాగు వచ్చి న్యూ రివర్ అను నదిలో కలియుచున్నది. ఆ సంగమమును బట్టియే యూరికి "మౌత్ ఆఫ్ విల్సన్" అని పేరు. నదికి క్రొత్తనదియని పేరైనను, భూమిపై మిక్కిలి ప్రాచీనమైన నదులలో నిది యొకటియని శాస్త్రజ్ఞులందురు. దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రవహించుచున్నది. ఊరనినను పేరునకే. కొలది యిండ్లు, పచ్చికబయళ్లు, ఆవులమందలు. ఇట్టి తావున ఓక్ హిల్ అకాడమీ యను బాప్టిస్టు పాఠశాల 1878లో వెలసినది. బాలబాలికలు అచటనే వసించి చదువుకొందురు. విద్యార్థులు రెండువందలకు లోపే. కాని బాస్కెట్‌బాల్ తెలిసినవారిలో ఈ పాఠశాల పేరు వినని వారుండరు. స్టీవ్ స్మిత్ అను కోచ్ 1985నుండి 2022వఱకు అచట జట్టును దిద్ది, పన్నెండువందలకు పైగా ఆటలు గెలిపించెను. రాష్ట్రసంఘపు పోటీలతో నిమిత్తము లేక ఆ జట్టు దేశమంతయు దిరిగి ఆడెడిది. కావున దూరరాష్ట్రములనుండి బాలురు తుది యేడాది, రెండేండ్ల చదువునకు ఇచటికి వచ్చి చేరెడివారు.

కెవిన్ డ్యురంట్ 2004లో వచ్చి ఒక్క యేడు మాత్రముండి మేరీలండ్‌లోని మఱియొక క్రైస్తవ పాఠశాలకు పోయెను. కార్మెలో ఆంథనీ బాల్టిమోరు నగరపు వెలివాడలవంటి వీధులలో పెరిగినవాడు. టౌసన్ కాథలిక్ అను పాఠశాలలో ఆడుచు పేరు తెచ్చుకొని, 2001లో కడపటి యేడాదికి ఓక్ హిల్ చేరెను. మఱుసటి యేట విశ్వవిద్యాలయమున చేరి, 2003లో తన జట్టునకు జాతీయ విజయము సంపాదించెను. ఆ విశ్వవిద్యాలయమున్న పట్టణము పేరు సిరక్యూస్! ఆస్టిలస్ కథ జ్ఞప్తికి వచ్చి నేను నవ్వుకొంటిని. ఈతని ప్రతిమను ఎవ్వరును పడద్రోయలేదు. ఆతడు విడిచివచ్చిన టౌసన్ కాథలిక్ పాఠశాల మాత్రము ధనము చాలక 2009లో మూతపడినది. ఆతడు వెడలుటకును దీనికిని సంబంధము కలదని నేననను. కాని మనము విడిచిన గూడు మన వెనుక నెట్లున్నదో ఎగిరిన పక్షికి తెలియదు.

ఆ కొండలలో నిలిచి చూడగా పిలుపునందలి మంచియు తెలిసినది. సినిమాశాల లేదు; అంగళ్లవీధి లేదు; చెడుస్నేహములకు తావు లేదు. నగరపు సందులలో తుపాకిమ్రోతల నడుమ పెరిగిన బాలునకు రెండుపూటల తిండి, తరగతిలో పదిమందికి మించని విద్యార్థులు, పేరుపెట్టి పిలిచెడి గురువు దొరకుట చిన్న మేలు కాదు. బంతి అతని చేతిలో లేకున్న ఆ తలుపు అతనికి తెఱువబడియే యుండదు. నియమములు వ్రాయువారు ఇది మఱువరాదు. అయినను ఒక్క యేడాదికి వచ్చి పోవువారివలన ఒక స్థానము కోల్పోయిన పిల్లవాడు ఎక్కడనో ఉండును. నాలుగేండ్లనుండి ఆ పాఠశాలలోనే చదువుచు, ఈ యేడైన నాకు వంతు వచ్చునని బల్లమీద కూర్చున్నవాని పేరు ఏ గ్రంథమునకును ఎక్కదు. వాని తల్లియు జీతము కట్టినదే.

తిరిగివచ్చిన పిమ్మట మా యక్కగారు బిడ్డను వెంటబెట్టుకొని ఆ ప్రైవేటు పాఠశాలను చూడబోయినది. నేనును పోయితిని. చక్కని గ్రంథాలయము, అద్దమువంటి ఆటశాల. కోచ్ మర్యాదగల మనుష్యుడు. మా యక్కగారు తాను వ్రాసికొని పోయిన ప్రశ్నలను అడిగినది. జీతములో సాయము నాలుగేండ్లకా, ఏటేటికా? అది వ్రాతమూలకముగా నిత్తురా? మోకాలు దెబ్బతిని ఆట మానినచో సాయము నిలుచునా? పోయిన యేడు జట్టులో చోటు దొరకని పిల్లలు ఇప్పుడెక్కడ నున్నారు? మోకాలి మాట యూరక అడిగినది కాదు. మోకాలి లోపలి బంధనములు తెగుట బాలురకంటె బాలికలకు అధికమని వైద్యులు చెప్పుదురు. ఆయన తెలిసినంత వఱకు సూటిగా బదులు చెప్పెను. సాయమును ఏటేట కుటుంబపు ఆదాయపు కాగితములు చూచి వేఱొక సంస్థవారు నిర్ణయింతురనియు, తనకు అందులో మాట లేదనియు చెప్పెను.

అప్పుడు పిల్ల తలవంచుకొని, "నేను వాలీబాల్ ఆడను, చదువుకొనుటకే వచ్చెదనన్నచో రమ్మందురా?" అని అడిగినది. ఆయన కొంతసేపు ఊరకుండి, "అది చేర్చుకొను కార్యాలయమువారు చెప్పవలసిన మాట, నేను చెప్పదగినది కాదు" అనెను. నిజము చెప్పినందులకు నేనాయనను గౌరవించితిని. ఇంటికి వచ్చుత్రోవలో పిల్ల మాటలాడలేదు. ఆగస్టులో తన యైదుగురు చెలులతో గూడ పేట హైస్కూలుననే చేరినది. ఎవ్వరును బలవంతపెట్టలేదు.

ఈ విషయమై తలపోయుచు నేను ఆదిపర్వమునందలి అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమును మరల చదివితిని. రంగమున కర్ణుడు నిలిచినప్పుడు కృపాచార్యుడు కులము, రాజ్యము అడిగెను. నేటి మాటలలో చెప్పవలెనన్న, ఆడుటకు అర్హత కలదా యని అడిగినట్లే. దుర్యోధనుడు తడవుచేయక అంగరాజ్యమునిచ్చి అర్హునిగా చేసెను. ప్రతిగా ఏమి కోరెదవనగా స్నేహము చాలుననెను. దుర్యోధనుని ఉదారత అబద్ధము కాదు; లోకము కాదన్నవానిని అతడు ఔనన్నాడు. కాని యా యీవి విలువిద్యను చూచి కలిగినది. ఆ ఋణము తీర్చుటకు కర్ణుడు తన తోబుట్టువులపై విల్లెత్తవలసివచ్చెను. వేడుక జరుగు దినమున పట్టాభిషేకము చేయించుకొన్న పిల్లవాడు, ఏ పూట ఏమి చెల్లింపవలసివచ్చునో యెఱుగడు. ఎఱుగవలసినవారు పెద్దలు.

ఇది మనకు దూరపు కథయని తలంపరాదు. మన తెలుగునాట బంతికి బదులు ర్యాంకు కలదు. పదవ తరగతి ఫలితములు వెలువడిన దినముననే, మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లల యిండ్లకు ప్రైవేటు కళాశాలల మనుష్యులు వచ్చుటయు, జీతము లేకుండ సీటిత్తుమనుటయు మనమెఱిగినదే. గ్రామపు పాఠశాలలో అక్షరములు దిద్దించి, వ్యాకరణము నేర్పి, పంతుళ్లు పదియేండ్లు పెంచిన బిడ్డ ముఖచిత్రము రెండేండ్లకు మఱియొకరి ప్రకటనలో వెలుగును. పేదబిడ్డకు జీతము లేని చదువు దొరకినందులకు సంతోషింపవలసినదే. ర్యాంకు రాని దినమున ఆ బిడ్డను ఏ గదిలో కూర్చుండబెట్టుదురో కూడ అడుగవలసినదే.

సోదరీమణులారా! మన బిడ్డల నేర్పును చూచి యెవరైన పిలిచినప్పుడు గర్వపడుట తల్లికి సహజము. ఆ గర్వము చల్లారకముందే సమ్మతి చెప్పవలదు. సాయము ఎన్నాళ్లు, ఎవరి చేతిలో నున్నది, కాగితముపై వ్రాయుదురా యని అడుగుడు. దెబ్బ తగిలిన నాడు, గెలుపు తప్పిన నాడు ఏమి జరుగునో అడుగుడు. అంతకుముందు చేరిన పిల్లల తల్లులతో మాటలాడుడు. తుదకు బిడ్డనే ముందుంచి, నేర్పును ప్రక్కనుంచి, "దీనిని చేర్చుకొందురా?" యని యడుగుడు. ఔనన్నచో నిశ్చింతగా పంపవచ్చును. కాదన్నను కోపింపవలసిన పని లేదు. ఎవరి బదులు వారిది. మన బిడ్డను ఎక్కడ నిలుపవలెనో నిర్ణయించుకొనుటకు ఆ బదులు చాలును.